రెండో గ్లాసు

హైదరాబాద్‌లోని ఒక పెద్ద హోటల్లో యాదగిరి వైన్ వడ్డించే రోజుల్లో అక్కడ ఒక కట్టుబాటు ఉండేది. కొత్త సీసా వస్తే ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని, రెండు గ్లాసుల్లో పోసుకుని, ఒకే వంటకాన్ని చెరో ముక్కా నోట వేసుకోవాలి. ఇద్దరూ మింగేదాకా ఎవరూ నోరు విప్పకూడదు. ఒక్కడి నాలుక రాత్రి తిన్న కారానికో, పొద్దుటి దిగులుకో లొంగిపోవచ్చు. ఇద్దరికీ ఒకే మాట వస్తేనే ఆ వంటకం ఆ వైన్‌కు జోడీగా మెనూలోకి ఎక్కేది.

సౌదీ అరేబియాలో అల్ ఖోబర్‌లోని ఈ స్పానిష్ రెస్టారెంటుకు వచ్చాక అతనిది పళ్ళేలు మోసే పని. మద్యం దొరకని చోట అతని విద్యతో ఎవరికీ అవసరం పడలేదు. అతనూ చెప్పుకోలేదు. మేనేజర్ కాషిఫ్ ఒక్కడికే, ఉద్యోగానికి పంపిన కాగితాల వల్ల, ఆ సంగతి తెలుసు.

ఆల్కహాల్ తీసేసిన స్పానిష్ ఎర్ర వైన్ మొదటిసారి వచ్చిన రోజున కాషిఫ్ అతన్ని పిలిచాడు. దీని పక్కన ఏ వంటకం పెట్టాలో సాయంత్రంలోగా తేల్చమనీ, అది కుదిరితే ఇకనుంచి పానీయాల బాధ్యత అతనిదేననీ, కుదరకపోతే పళ్ళేలు ఉండనే ఉన్నాయనీ ఉర్దూలో చెప్పి వెళ్ళాడు. నిప్పుల మీద కాల్చిన గొర్రెమాంసం అని యాదగిరికి అప్పుడే తోచింది. టెంప్రనీయో ద్రాక్షతో చేసి ఓక్ పీపాల్లో మాగబెట్టిన వైన్‌లోని వగరును మెత్తబరచేది ఆ కొవ్వే.

మధ్యాహ్నం రెస్టారెంటు మూశాక సీసా తెరిచాడు. పాత అలవాటున రెండు గ్లాసుల్లో పోశాడు. వాసన అదే. మాగిన రేగుపళ్ళు, కొద్దిగా పొగాకు, ఎండలో ఆరేసిన తోలు. గుటక వేస్తే మాత్రం, మనిషి వెళ్ళిపోయాక కొయ్యకు వేలాడే చొక్కాలా ఉంది. వెచ్చదనం లేదు. తీపి పైకి తేలింది, వగరు పలచబడింది. కాల్చిన గొర్రె ముక్కతో కలిపి చూస్తే, ఆ కొవ్వు ముందు అది వట్టి నీళ్ళయిపోయింది.

తీపిని అదుపు చేయడానికి ఉప్పు కావాలి, పొగ కావాలి. కాల్చిన వంకాయ మీద ఉప్పటి చీజ్ తురిమి పెట్టాడు. ఇప్పుడు రెండో నోరు కావాలి. అక్కడున్నది మాంసం కాల్చే నిప్పుల పొయ్యి చూసుకునే దిలావర్ ఒక్కడే. అతనిది పాతబస్తీ.

"జర నోట్ల పోసుకొని చెప్పు భాయ్. ఇందుల మందు లేదు."

"లేదని నువ్వంటున్నవ్. పేరు వైనే గద. నాతోని కాదు." దిలావర్ అతని ముఖం చూసి మెత్తబడ్డాడు. "ఒక పని చెయ్. నువ్వు తాగు, నేను తింట. ఇద్దరం కలిస్తే ఒక మనిషి అయితం."

ఎదురుగా కూర్చుని వంకాయ ముక్క శ్రద్ధగా నమిలాడు.

"పొగ మంచిగుంది. ఉప్పు జర ఎక్కువైంది. ఏమన్న తాగబుద్ధయితుంది."

అతనికి తాగబుద్ధయినదేదో యాదగిరి నోట్లో ఉంది. ఆ రెండూ కలిసే చోటు మాత్రం ఆ బల్ల మీద లేదు. నమాజు వేళయిందని దిలావర్ చేతులు కడుక్కుని వెళ్ళిపోయాడు.

యాదగిరి ఒక ముక్క తిని, ఒక గుటక వేశాడు. కుదిరిందనిపించింది. తర్వాత లేచి, బల్ల చుట్టూ తిరిగి వెళ్ళి ఎదుటి కుర్చీలో కూర్చున్నాడు. రెండో గ్లాసు అందుకుని, మరో ముక్క నోట వేసుకున్నాడు. మింగేదాకా తన ఖాళీ కుర్చీ వైపే చూస్తూ ఉండిపోయాడు.

"కుదిరింది," అన్నాడు పైకే.

ఆ వైపు నుంచి ఎవరూ ఔననలేదు.

సాయంత్రం కాషిఫ్ వచ్చేసరికి గ్లాసులు రెండూ కడిగి బోర్లించి ఉన్నాయి. వంకాయ అని విని అతను కనుబొమలు ఎగరేశాడు. నమ్మకంగా చెప్పగలవా అని అడిగాడు. కట్టుబాటు ప్రకారం ఇద్దరు రుచి చూశారని యాదగిరి బదులిచ్చాడు.

రెండోవాడు ఎవరని కాషిఫ్ అడగలేదు. సరేనని తలూపి, పానీయాల బీరువా తాళంచెవి అతని చేతిలో పెట్టాడు.