అవ్వ ఎక్కిన విమానాన్ని ఆపాను

దక్షిణాఫ్రికాలో రంగు తేడా లేకుండా అందరం మొదటిసారి ఓటేసిన మరుసటి ఏడాది అది. అంతకుముందు డర్బన్ విమానాశ్రయంలో భారతీయులుండే మా చాట్స్‌వర్త్ పేట వాళ్ళకు దొరికేవి చీపురు, సామాన్ల బండి. తర్వాత నాకు టికెట్ కౌంటరు దొరికింది. ఇక విమానాల మధ్య నిలబడి సైగలు చేసే పనికి ఓ ఆడపిల్లను, అదీ నన్ను, శిక్షణకు తీసుకున్నారంటే కాళ్ళు నేలమీద ఆగుతాయా!

పని చెప్పడానికి సులువే. ట్రాక్టరు విమానాన్ని వెనక్కి నెడుతుంది. రెక్కల కొసలు పైలట్‌కు కనబడవు, ట్రాక్టరు డ్రైవరుకూ సరిగ్గా కనబడవు. అందుకని రెక్క కొసన ఒక మనిషి నడవాలి. దారి బాగుంటే చేతిలో బ్యాటు, అంటే సైగలకిచ్చే రంగు పలక, పైకెత్తి ఉంచాలి. ఏదైనా అడ్డొస్తే రెండు చేతులూ తలపైన అడ్డంగా పెట్టాలి. అంతే, ఎంత పెద్ద విమానమైనా ఆగాల్సిందే.

మా బాబాయి మినీబస్ టాక్సీతో పెరట్లో సాధన చేశాను. దాని బంపరు కరివేపాకు చెట్టుకు రెండుసార్లు తగిలింది. తప్పు బాబాయిదేనని ఇప్పటికీ అంటాను. నేను చేతులు అడ్డం పెట్టినప్పుడల్లా వరండాలోంచి మా నాన్న తల్లి, అవ్వ, కేకలేసేది.

"హావూ! బయల్దేరినోణ్ణి ఆపుతావేటే? ఎల్లిన పని సెడిపోద్ది!"

మా ఇంట్లో గడప దాటినవాణ్ణి వెనక్కి పిలిచే ధైర్యం ఎవరికీ లేదు. పొరపాటున ఆపితే ఆ మనిషి తిరిగొచ్చి కూర్చుని, మంచినీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరాలి.

పరీక్ష రోజు రానే వచ్చింది. "ఎడమ రెక్క నీది. బాగా చేస్తే ఉద్యోగం ఖాయం, లేదంటే మళ్ళీ టికెట్ కౌంటరే," అన్నాడు సూపర్‌వైజరు. అది జోహానెస్‌బర్గ్ విమానం. అందులో మా అవ్వ ఉంది! అత్త ఇంటికి, జీవితంలో మొదటిసారి విమానమెక్కి వెళ్తోంది. నన్ను చూస్తుందని ఎడమవైపు కిటికీ సీటు నేనే ఇప్పించాను.

ట్రాక్టరు కదిలింది. బ్యాటు ఎత్తి గర్వంగా నడుస్తున్నాను. ఇంతలో పక్క స్టాండులోంచి భోజనాల లారీ ఒకటి వెనకా ముందూ చూడకుండా వెనక్కి రావడం మొదలుపెట్టింది. బయల్దేరినదాన్ని ఆపకూడదన్న అవ్వ కేక చెవిలో మోగింది. అశుభమైతే కానీ అనుకుని చేతులు అడ్డం పెట్టేశాను.

విమానం ఆగింది. లారీ కూడా ఆగింది. రెక్కకూ దానికీ మధ్య బారెడు జాగా మిగిలింది.

సూపర్‌వైజరు గబగబా వచ్చాడు. తిడతాడనుకున్నాను. "రేపు పొద్దుటి షిఫ్టుకు రా," అని వెళ్ళిపోయాడు. అక్కడే గెంతాను, ఎవరు చూస్తే నాకేం!

సాయంత్రం అత్త ఇంటికి ఫోన్ చేస్తే అవ్వే ఎత్తింది.

"ఎవతే అది, నా ఇమానానికి సేతులడ్డమెట్టింది?"

"నేనే అవ్వా. లారీ అడ్డొచ్చింది."

"సూసినాను. కిటికీలోంచి అంతా సూసినాను."

"మరి దోషం?"

"దోసమేటే? ఫ్లైట్ గర్ల్‌ని పిలిసి వాటర్ అడిగి తాగినాను. అప్పుడే కదిలింది ఇమానం. తిరిగొచ్చినప్పుడు కూడా నువ్వే నిలబడాల. ఏరేవోల్లని పెడితే నేనెక్కనని సెప్పు నీ మేనేజరుకి."