బావ ముందర పండుకోని మనిషి

మా ఆవిడ తలలో గడ్డ తీసినప్పుడు తిరువళ్ళూరు ఆసుపత్రిలో పెద్ద డాక్టర్ని నేనే నిలదీసి అడిగినానని మా ఊరు తిరుత్తణిలో అందరికీ చెప్పినాను. నిజం చెప్తే, ఆయన వస్తున్నాడంటే నేను బయటికి పోను చెప్పులు వెతుక్కునేవాణ్ణి. అడిగింది మా కూతురు. నేను వెనక నిలబడి తల ఊపినా, అంతే.

గడ్డ పోయింది గానీ, మెడ వెనక కుట్టు కింద నీళ్లు చేరి మెత్తగా ఉబ్బింది. మెదడు చుట్టూ ఉండే నీళ్లంట. నడుములో సన్న గొట్టం పెట్టి, సంచిలోకి కొంచెం కొంచెంగా దించుతున్నారు. ఒత్తిడి తగ్గితే లోపల అతుక్కుంటుంది, లేకుంటే మళ్లీ కొయ్యాల.

"ఇంకోసారి కోస్తే నేను మిగలను," అనింది ఆమె.

గొట్టం తెరిచి ఉన్నప్పుడు లేవగూడదు. లేస్తే నీళ్లు ఎక్కువగా దిగిపోతాయి. నర్సు ఈ మాట అరవంలో చెప్పింది, తెలుగులో చెప్పింది, చేతులతో కూడా చెప్పింది.

పాండూరు నుంచి మా అన్న చూడను వచ్చినాడు. మా ఇండ్లలో మొగుని అన్నయిన బావ ఎదుట ఆడవాళ్లు పండుకోవడం కాదు, కూర్చోను కూడా కూర్చోరు. పెండ్లయినప్పట్నుంచీ ఆయన దగ్గు వినబడితే ఈమె లేచి నిలబడేది. ఆ పొద్దు కూడా లేచి కూర్చునింది. ఆసుపత్రి చొక్కా మీద లేని కొంగు సర్దుకోబోయింది.

"పండుకోమ్మా, పండుకో," అన్నాడు అన్న.

"మీరు నిలబడుకోని ఉంటే ఎట్ల బావా?"

అంతలోనే సంచిలో నీళ్లు ధారగా దిగినాయి. తల పగిలిపోతాందని పట్టుకునింది. కక్కింది. పిలిస్తే పలకలేదు.

నేను ఒక్క దూకున పోయి నర్సును లాక్కొచ్చినానని ఊళ్లో చెప్పుకున్నా. లేదు. నేను మంచం కమ్మీ పట్టుకోని ఉండిపోయినా. పరిగెత్తింది ఆ ముసలన్నే.

నర్సు గొట్టం మూసి, ఆమెను పండబెట్టి అడిగింది, "ఎవురు సార్ లేపింది?"

"నేను నిలబడినానమ్మా, అంతే," అన్నాడు అన్న.

స్కాన్ తీసినారు. సాయంత్రానికి కండ్లు తెరిచింది. ఉబ్బు అట్లే ఉంది. ఇంకొన్నాళ్లు చూద్దామన్నాడు డాక్టరు. నేను చెప్పులు వెతుక్కున్నా.

మరుసటి రోజు అన్న లోపలికి రాలేదు. తలుపవతల నిలబడి, తువ్వాలు నోట్లో కుక్కుకోని దగ్గు ఆపుకున్నాడు. అయినా ఆగలేదు.

"ఎవురది?" అనింది ఆమె.

"పక్క బెడ్డాయన."

నమ్మలేదు. లేవను అరచెయ్యి పరుపు మీద ఆనించింది. నేను రెండు భుజాలూ పట్టి అదిమినాను.