జూబ్లీహిల్స్ పచ్చికలో కొరివి చీమలు

1991 నవంబరులో నేను ఉద్యానశాఖలో సహాయాధికారిని. జూబ్లీహిల్స్‌లో ఒక నిర్మాతగారి ఇంటి పచ్చికలో చీమలు కుడుతున్నాయనీ, వారంలోగా అక్కడ పాట చిత్రీకరణ ఉందనీ కబురొస్తే, మా పై అధికారి నన్ను పంపారు.

కొరివి చీమలను గుర్తుపట్టడం కష్టం కాదు. వాటి మట్టి కుప్ప పొడిపొడిగా ఉంటుంది, నడిమధ్య రంధ్రం కనబడదు. కదిలిస్తే క్షణంలో గుంపుగా పైకి పాకి కుడతాయి, తర్వాత పొక్కు లేస్తుంది. నిర్మాతగారి భార్యకు ఇదంతా చూపించాలన్న ఉబలాటంతో కర్రతో ఒక కుప్పను కెలికాను. పక్కనే కలుపు తీస్తున్న తోటపనామె, బోరబండ ఎల్లమ్మ, "జర ఆగుండ్రి సార్, గట్ల కెలికితే రాణి కిందికి పోతది" అంది. వినిపించుకోకుండా మందునీళ్ళు పోయించాను. రెండోనాటికి జానెడు దూరంలో మరో కుప్ప లేచింది.

ఎల్లమ్మ పద్ధతి వేరు. చలి ఉదయాల్లో ఎండ తగలగానే రాణి, పిల్లలు వెచ్చదనానికి పైకి వస్తాయి. అప్పుడు చప్పుడు లేకుండా వెళ్ళి బిందెతో మరిగిన నీళ్ళు మెల్లగా పోసేది. గడ్డి మాడిన చోట కొత్త పచ్చిక అతికేది. అలా నాలుగు కుప్పలు పోయాయి. అమ్మగారు నా ముందే, "మీ డిగ్రీ కంటే మా ఎల్లమ్మ బిందే నయమండీ" అని నవ్వారు. నేనూ నవ్వాను. లోపల మాత్రం కుళ్ళిపోయాను. ఎమ్మెస్సీ చదివిన నేను బడి గడప తొక్కని మనిషి ముందు చిన్నబోవడం మింగుడుపడలేదు.

ప్రహరీ వైపు రెండు కుప్పలు మిగిలాయి. మర్నాడు ఆమె రాకముందే తనిఖీ పేరుతో వెళ్ళి, రెండింటినీ లోతుగా కెలికి, పైన మట్టి సర్దాను. ఎల్లమ్మ వచ్చి కాసేపు ఆ మట్టిని చూసింది. తర్వాత నీళ్ళు పోసింది.

చిత్రీకరణ రోజు కృష్ణానగర్ నుంచి వచ్చిన డ్యాన్సర్లు వట్టికాళ్ళతో ఆ ప్రహరీ వైపుకు చేరగానే చీమలు కుట్టి కేకలు పెట్టారు. పాట ఆగిపోయింది. ఎల్లమ్మను అప్పటికప్పుడే పనిలోంచి తీసేశారు. "మీ మాట విని మందే వాడాల్సిందండీ" అన్నారు అమ్మగారు. ఆ మాటకు నాకు సంతోషం కలిగింది, దాచను.

ఆ తర్వాత ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ శిక్షణ తరగతుల్లో ఒక నియమం చెబుతూ వచ్చాను. నీళ్ళైనా మందైనా పోసే ముందు కుప్పను కదిలించకూడదు, కదిలిస్తే రాణి లోతుకు పోతుంది, ఏం పోసినా దానికి అందదు. ఋజువేమిటని ఒకరిద్దరు అడిగారు. స్వయంగా చేసి చూశానని చెప్పాను.