జపాన్ వాడి పసుపు

మా ఊరి బంగారు గనులు మూతపడిన తరువాతి ఆ రోజుల్లో నాకు కోపం ఎక్కువ. (ఇప్పుడూ తక్కువేమీ కాదు; కాకపోతే అప్పటి కోపానికి ఆదివారం కూడా సెలవుండేది కాదు.) ఊళ్ళో సగంమంది తెల్లవారకముందే క్యారియర్లు పట్టుకుని బెంగళూరు రైలెక్కేవారు. నేను మాత్రం రాబర్ట్‌సన్‌పేటలోనే, మా మేనమామ రిపేరు అంగడిలో పని దొరికించుకున్న అదృష్టవంతుణ్ణి. (ఈ మాట వాడినందుకు తోటి హేతువాదులు క్షమించాలి, ఇంకో మాట తట్టలేదు.) సాయంత్రాలు యువజన సంఘం చర్చల్లో మూఢనమ్మకాలను చీల్చి చెండాడేవాణ్ణి. పగలంతా వాటి నీడలోనే పని చేసేవాణ్ణి. మా మామ సాల్డరింగ్ ఇనుమును కూడా కళ్ళకద్దుకోకుండా వేడిచేసేవాడు కాదు.

అంగడికి ప్రాణం లాంటిది ఒక పాత జపాన్ ఆసిలోస్కోప్. కరెంటు ఎలా నడుస్తోందో తెరమీద పచ్చని గీతగా చూపించే పెట్టె అది. వేమగల్ ఫ్యాక్టరీల నుంచి వచ్చే బోర్డుల్లో జబ్బు ఎక్కడుందో అదే చెప్పాలి. ఆ యేడు వానలు మొదలవగానే దానికే జబ్బు చేసింది. ఎండ కాసినప్పుడు బుద్ధిగా ఉండే గీత, ముసురు పట్టిందంటే వణికిపోయి, ఎగిరి, తెర దాటి మాయమయ్యేది. మామ అమావాస్యలు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. నాకు ఒళ్ళు మండి పెట్టె పైమూత విప్పాను.

లోపల బోర్డు మీద పెద్ద కెపాసిటర్లు కదలకుండా ఉండాలని తయారుచేసినవాళ్ళు జిగురు ముద్దలు పెట్టారు. ఒకప్పుడు లేత పసుపు రంగులో ఉన్న జిగురే. ఏళ్ళ తరబడి లోపలి వేడికి మాగి ముదురు గోధుమరంగుకు తిరిగింది. అది తగిలిన ప్రతి రెసిస్టర్ కాలూ పచ్చగా చిలుమెక్కి, ఎవరో సగం తినేసినట్టు ఉంది. కింద రాగి గీతలు నల్లబడ్డాయి. అతికించడానికి పెట్టిన పదార్థం అతికించినవాటినే తింటోంది. ఇంత అన్యాయం చూసి ఊరుకోవడం నావల్ల కాలేదు, గీకడానికి వెదురు పుల్ల చెక్కుకున్నాను. మామ వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు.

"దాన్ని ముట్టుకోవద్దప్పా. చూడు, జపాన్ వాడు కూడా పసుపు పెట్టినాడు. దోవన పోయేవాటికి పెట్టలే, పెద్దవాటికి చూసి పెట్టినాడు. ఇంగ నువ్వు యాడోడివి గీకేదానికి?"

నేను అందుకున్నాను. ఇక ఆగలేదు. రసాయనాల గురించి, తేమ గురించి, మనదేశం వెనకబడిపోవడం గురించి అరగంట మాట్లాడాను. చివరికి నా దగ్గరున్న తిరుగులేని సాక్ష్యం బయటికి తీశాను. కరెంటు కొలిచే మీటరు పుల్లలు రెండూ జిగురు ముద్దలో గుచ్చాను. ముల్లు కదిలింది. మంచి జిగురు కరెంటును పోనివ్వదు, ఇది పోనిస్తోంది. వానతేమ తాగిన రోజున ఇంకా ఎక్కువ పోనిస్తుంది. అందుకే గీత వణుకుతోంది.

"పసుపులో కరెంటు పోతుందా మామా? నువ్వే చెప్పు."

మామ ముల్లు వైపు భక్తిగా చూశాడు. "అదే కదప్పా శక్తి అంటే," అన్నాడు.

చర్చల్లో నేను చాలామందిని ఓడించాను. నా సాక్ష్యాన్ని నా చేతిలోంచే లాక్కుని నన్ను కొట్టినవాడు మాత్రం ఈయనొక్కడే. నేనూ పట్టు వదలలేదు, ఆయనా వదలలేదు. చివరకు మామ, గీకినాక పెట్టె పలకలేదంటే మరునాటి నుంచి నేను కూడా క్యారియర్ కట్టుకుని రైలెక్కాలన్నాడు. అంతలో సంగటి క్యారియర్‌తో వచ్చిన మా అత్త, గొడవంతా విని, ఒక్క మాటతో తీర్పు చెప్పింది. "గీకనీండి. పాతది పోతే కొత్తది పెడదాం. మనింట్లో పసుపు లేకుండా పోయిందా?"

అనుమతి దొరికింది. దొరికిన కారణం తలుచుకుంటే మాత్రం ముద్ద దిగలేదు.

గీకాను. రాగి గీతలకు దెబ్బ తగలకుండా గోరంత గోరంత గీకి, మిగిలిన మరకను స్పిరిట్‌లో ముంచిన పళ్ళబ్రష్షుతో కడిగాను. చిలుము తిన్న రెసిస్టర్లు తీసి కొత్తవి వేశాను. తెగిన గీతలకు సన్నతీగతో వంతెన కట్టాను. ఇక పెద్ద కెపాసిటర్లు ఊగకుండా ఏదో ఒకటి పెట్టక తప్పదు కదా. అంతకుముందే బెంగళూరు నుంచి తెప్పించి ఉంచిన తెల్లటి సిలికాన్ జిగురు (పులుపు వాసన కొట్టే రకం కాదు, ఆ రకం కూడా రాగిని తినేస్తుంది) తలా కాస్త పెట్టాను. బయట ముసురు. హేతువాదికి తగని విధంగా, కళ్ళు మూసుకుని స్విచ్ వేశాను. గీత వచ్చింది. తెర మధ్యలో, దారం పట్టి గీసినట్టు నిలబడింది. చూస్తూ నిలబడి చెమట తుడుచుకున్నాను.

మామ వంగి లోపలికి చూశాడు. ఆయన గొంతు మెత్తబడిపోయింది. "ఇబూది పెట్టినావా అల్లుడా?"

"విభూతి కాదు మామా. సిలికాన్. రబ్బరు లాంటిది."

"అట్లనా. నుదుట్లో పెట్టుకున్నది కూడా రబ్బరేనా?"

తడుముకున్నాను. చెమట తుడుచుకున్న వేళ్ళకున్న జిగురు, మూడు వేళ్ళ వెడల్పున నుదుట తెల్లగా ఆరిపోతోంది. అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ మధ్యాహ్నం నేను చెప్పిన ప్రతి మాటా నిజమే. అందులో ఒక్కటీ నిలబడలేదు.

మరునాడు పొద్దున వేమగల్ నుంచి బోర్డులు పట్టుకొచ్చిన మనిషికి మామ కథంతా చెప్పాడు. "మావాడు ముందు ఏదీ నమ్మేవాడు కాదప్పా. ఇప్పుడు దోవకొచ్చినాడు. వాడే పెట్టినాడు ఇబూది, గీత కదల్లేదు చూడు." నేను లేచి, ఖండించడానికి నోరు తెరిచాను. అప్పటికి బెంగళూరు రైలు వెళ్ళిపోయి చాలాసేపయింది, నేను ఇంకా మా ఊళ్ళోనే, మామ అంగడిలోనే ఉన్నాను. నోరు మూసుకుని కూర్చుని, ఆ మనిషి తెచ్చిన బోర్డుల కట్ట విప్పాను. ఇన్నేళ్ళలో నేను వాదించకుండా వదిలేసిన అబద్ధం అదొక్కటే. దాన్ని తలుచుకున్నప్పుడు మాత్రం నాకు కోపం రాదు.