అడిగి రాయమన్న మా సారు

మొన్న మంగళవారం పొద్దున ఆఫీసుకు బయలుదేరుతుంటే ముళబాగిలు నుంచి నా స్నేహితురాలు ఫోన్ చేసింది. కాలేజీలో మా ఇద్దరిదీ ఒకే బెంచీ. "ఏమే, సారు పోయినారంట. నిద్దర్లోనే పోయినారంట" అంది. వెంటనే ఫోన్ పెట్టేసింది. నేను బండి తాళం చేతిలో పట్టుకుని మెట్ల మీదే కూర్చుండిపోయాను.

ఆయన మాకు జర్నలిజం చెప్పిన ప్రొఫెసరు. కోలారులో మేము చదివిన కాలేజీలో సార్లు చాలామందే ఉండేవారు. కానీ ఒట్టి 'సారు' అంటే ఆయనే. రోజూ బంగారు గనుల ఊరు కేజీఎఫ్ నుంచి బస్సులో వచ్చేవారు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, క్లాసులో కన్నడం, బోర్డు మీద ఇంగ్లీషు. "మనిషి ఏ భాషలో కోపం చేసుకుంటాడో ఆ భాషలో అడగండప్పా, నిజం అందులోనే వస్తాది" అనేవారు. ఎవరి పేరైనా తప్పుగా రాస్తే మాత్రం ఊరుకునేవారు కాదు. వార్తంతా బాగున్నా వెనక్కి ఇచ్చేసేవారు.

చేరిన కొత్తలో ఒకరోజు తెల్లవారుజామునే మమ్మల్ని టమోటా మార్కెట్టుకు తీసుకుపోయారు. ధర పడిపోయిన రోజులవి. నేను ఒక మూల నిలబడి 'రైతుల ముఖాల్లో దిగులు' అని చక్కగా రాసుకొచ్చాను. సారు చదివి తలెత్తారు.

"దిగులు పడినారని ఎవరు చెప్పిరి నీకు?"

"మొకం చూస్తే తెలుస్తాది కద సార్."

"మొకం చూసి చెప్పేది జ్యోతిష్యమమ్మా. పో, అడిగిరా."

వెళ్ళి, పెట్టెల మీద కూర్చున్న ఒకామెను అడిగాను. "దిగులు పడేకి టైం యాడుందమ్మా? ఎవరన్నా కొనుక్కుంటే బిరీన ఇంటికి పోవల్ల, మా కోడలికి నెలలు నిండినాయి" అంది. ఆమె కళ్ళు మార్కెట్టు గేటు వైపే ఉన్నాయి. నేను దిగులనుకున్నది తొందర. ఆ మాటే రాసి తెచ్చాను. సారు చదివి నాకు టీ ఇప్పించారు. ఆయన మెచ్చుకోవడం అంతే.

రెండో ఏడాదిలో జరిగినది చెప్పాలి. మా విభాగానికి ఒక గోడపత్రిక ఉండేది. వారం వారం మేమే రాసి, లైబ్రరీ పక్క గోడకు అంటించేవాళ్ళం. ఆ వర్షాకాలంలో మా అమ్మాయిల హాస్టల్లో ఒకరి తర్వాత ఒకరికి కడుపునొప్పి, జ్వరం. నీళ్ళ ట్యాంకు మూత తీసి చూస్తే లోపల నాచు, చచ్చిన తొండ. కోపంతో అంతా రాసి, వార్డెనమ్మే దీనికి కారణమని ముగించి సారు ముందు పెట్టాను.

"వార్డెన్‌ను అడిగినావా?"

"అడిగితే హాస్టల్లో ఉండనీరు సార్."

"అడక్కుండా రాస్తే అది వార్త కాదు, చాడీ."

భయపడుతూనే వెళ్ళాను. వార్డెనమ్మ తిట్టలేదు. నన్ను కూర్చోబెట్టి తలుపు వేసింది. "నేను చెప్పీ చెప్పీ అలిసిపోయినానమ్మా. ట్యాంకు కడిగించండని కాలేజీ కమిటీవాళ్ళను ఎన్నిసార్లు అడిగినానో! ఈ మాట రాసుకో, నా పేరు పెట్టి రాసుకో" అంది. ఆ మనిషి మీదే నేను నింద వేయబోయాను. వార్త మళ్ళీ మొదటి నుంచీ రాశాను.

అది గోడకెక్కిన మధ్యాహ్నమే కాలేజీ కమిటీ పెద్ద ఒకాయన వచ్చి, వెంటనే చించేయమన్నాడు. రాసిందెవరో చెప్పమన్నాడు. సారు గోడ దగ్గరే నిలబడి, "కింద సంపాదకుడని నా పేరుండాది కదండీ, నేనే రాసినట్టు. ఇందులో తప్పేదో చూపించండి, నా చేత్తో నేనే దిద్దుతాను" అన్నారు. ఆ పెద్దమనిషి చూపించలేకపోయాడు. కానీ హాస్టల్లో ఉండి జర్నలిజం చదివేదాన్ని నేనొక్కదాన్నే. కనుక్కోవడం కష్టం కాలేదు. సాయంత్రానికి మా నాయనకు ఫోన్ పోయింది.

మా నాయన కేజీఎఫ్ గనిలో పనిచేసిన మనిషి. గని మూసేసినాక రైల్లో బెంగళూరుకు పోయి కాపలా పని చేసేవాడు. మర్నాడు పని మానుకుని వచ్చేశాడు. "ఇంగ చదివింది చాలు. పెద్దోళ్ళతో మనకెందుకు? పెట్టె సర్దు" అన్నాడు. నేను ఏడుస్తూ సర్దుతున్నాను. సంగతి తెలిసి సారు హాస్టల్ గేటు దగ్గరికి వచ్చారు. నాయన పక్కన అరుగు మీద కూర్చున్నారు.

"అన్నా, మా నాయన కూడా గనిలో దిగినోడే. ఒక మాట అడగతా, చెప్పు. కింద పైకప్పు పగిలింది మొదట చూసినోడు ఏం చేయల్ల?"

"అరవల్ల సార్. అందరికీ వినపడేలా అరవల్ల."

"మేస్త్రీ కోప్పడతాడని గమ్మునుంటే?"

నాయన తల అడ్డంగా ఊపాడు. "అట్లా ఎవురూ ఉండరు సార్" అన్నాడు.

"మీ బిడ్డ చేసింది అంతే."

నాయన లేచి, నా పెట్టె తనే లోపలికి మోసుకెళ్ళి మంచం కింద పెట్టాడు. "బాగా చదువుకో" అని మాత్రం అని బస్సెక్కాడు.

వారం లోపలే ట్యాంకు కడిగించారు, కొత్త మూత వేయించారు. సారును మాత్రం విభాగం పెద్ద పదవి నుంచి తప్పించి, మెట్ల కింద చీకటి గదిలోకి మార్చారు. మేమంతా ధర్నా చేస్తామంటే నవ్వారు. "నీళ్ళు బాగైనాయి కదా? ఇంగ క్లాసుకు పదండి." ఆ తర్వాత చాన్నాళ్ళు ఆయన దగ్గర చదివాము. ఆ సంగతి ఆయన ఇంకెప్పుడూ ఎత్తలేదు. ఈరోజు నేను వార్తలు రాసి బతుకుతున్నానంటే, ఆ అరుగు మీద ఆయన మా నాయనతో మాట్లాడిన ఆ నాలుగు మాటలే కారణం.

కేజీఎఫ్‌లో సారు అంత్యక్రియలకు, చర్చికీ సమాధి దగ్గరికీ, ఎంతమంది వచ్చారో! పత్రికలవాళ్ళకంటే వేరే పనుల్లో ఉన్నవాళ్ళే ఎక్కువ. ఒక పోలీసమ్మాయి, ఒక నర్సు, క్యాసంబళ్ళిలో పురుగుమందుల అంగడి పెట్టుకున్న మా క్లాసువాడు. మా నాయన చర్చి లోపలికి రావడానికి మొహమాటపడి, ఎండలో బయటే చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

ఆ రాత్రి అమ్మానాయనల దగ్గరే ఉండి, మర్నాడు పొద్దున సారు ఇంటికి వెళ్ళాను. వాకిట్లో నాలుగు భాషల పేపర్లు పడి ఉన్నాయి. సారు భార్య వాటి ముందు మోడా పీట మీద కూర్చుని ఉంది.

"పేపర్లు ఆపేయమని చెప్పేదా అమ్మా?" అని అడిగాను.

"ఎందుకాపేది? ఆయన గట్టిగా చదవతా ఉండె, నేను పని చేసుకుంటా వింటా ఉంటి. ఇంగ నేనే చదవల్ల" అంది.

తెలుగు పేపరు తీసి విప్పింది. గనిదిబ్బల వైపు నుంచి వచ్చే గాలికి అది రెపరెపలాడింది. నేను మెట్టు మీద కూర్చుని ఒక అంచు పట్టుకున్నాను. రెండో అంచు తను పట్టుకుంది. కళ్ళజోడు ముక్కు మీదికి జరుపుకుని, పైన ఎడమ మూల నుంచి, ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుంటూ, గట్టిగా చదవడం మొదలుపెట్టింది.