చాప మీద సదస్సు పరిచిన మేడమ్

మా పైవాటాలో కిరాయికి ఉండే లెక్చరర్ మేడమ్ ఇక లేదు. కాలేజీలో పాఠం చెబుతూ బల్ల మీదికి ఒరిగిపోయిందట. ఎల్బీ నగర్‌లో దవాఖానకు చేర్చేసరికే అయిపోయింది. అప్పుడు నేను బియ్యం ఏరుతున్నాను. ఫోను చెవికి పెట్టుకుని మా కోడలు నా వైపు చూసిన చూపుతోనే తెలిసింది. రోజూ లేనిపోని కీడంతా ఊహించుకునే దాన్ని, నిజంగా వచ్చినప్పుడు ఏమీ చేతకాలేదు. చేట పట్టుకుని అలాగే కూర్చున్నాను.

మీలో చాలామంది ఆమెను చూసి ఉండరు. కోస్తా వైపు మనిషి. దిల్‌సుఖ్‌నగర్‌లో మా గల్లీకి వచ్చి చాలా ఏళ్లయింది. ఒక్కతే ఉండేది. నన్ను పెద్దమ్మా అని పిలిచేది.

వాళ్ల కాలేజీలో ఏటా ఇంజనీర్ల సదస్సు జరుగుతుంది. ఎక్కడెక్కడి వాళ్లో వచ్చి తాము కనిపెట్టింది చెప్పుకుంటారు. ఎవరు ఏ హాల్లో, ఏ వేళకు మాట్లాడాలో చూసే పని ఈమెది. పైన చోటు చాలక మా ముందుగదిలో రెండు చాపలు పరిచేది. ఒక్కో చాప ఒక్కో హాలు. పేర్లు రాసిన చీటీలు వాటి మీద వరుసగా పేర్చేది. చీటీలు ఎగరకుండా నేను ఫ్యాను బంద్ చేసేదాన్ని. ఇద్దరం చెమటతో తడిసిపోయేవాళ్లం. అన్నిటికంటే ముందు ఒక చాయ్ గ్లాసు, ఒక పళ్లెం పెట్టేది. "ముందు తిండి వేళ తేలాలండి పెద్దమ్మా. ఆకలితో ఉన్నవాడికి ఎంత గొప్ప మాటైనా చెవికెక్కదు" అనేది.

ఆ తర్వాత బస్సులు. జిల్లాల వాళ్లు పొద్దున్నే అందుకోలేరు, చీకటి పడేదాకా ఉండలేరు. వాళ్లను చాయ్‌కీ అన్నానికీ మధ్య పెట్టి, ఊళ్లో వాళ్లను చివరికి జరిపేది.

నేను ఊరుకుంటానా! "సూర్యాపేట బస్సు హయత్‌నగర్ కాడ ఆగిపోతే ఎట్ల మేడమ్? వాన పడితే?"

"అమ్మా, ఏంది నీ లొల్లి? ఆమెను జర పని చేసుకోనియ్యి!" అని లోపలి నుంచి మా కొడుకు.

"మీరు ఉండండి బాబూ. ఏమేం చెడిపోవచ్చో చెప్పే మనిషి మా కమిటీలో ఒక్కరూ లేరు. చెప్పండి పెద్దమ్మా, ఇంకేం భయం?"

నా భయాలకు ఇంట్లో నవ్వారు. చర్చిలో ప్రార్థన చేసుకొమ్మన్నారు. ఇంకేం భయం అని అడిగింది ఈమె ఒక్కతే. "మెట్లెక్కుతుంటే ఆయాసమొస్తున్నది, జర దవాఖానకు పోయి రా మేడమ్" అని కూడా అన్నాను. "ఈ ప్రోగ్రాం అచ్చుకి వెళ్లనివ్వండి, చూపించుకుంటాను" అంది. ఆ ఒక్క భయానికి చాప మీద చోటివ్వలేదు.

ఈసారి ఆమె పట్టుబట్టింది ఒక బాలింత కోసం. సూర్యాపేట దగ్గర చిన్న కాలేజీలో పాఠాలు చెప్పే పిల్ల. "మొదటిసారి మాట్లాడుతోందండి. ఇంటి దగ్గర చంటివాడు. భోజనాల లోపే పంపించెయ్యాలి" అని ఆ చీటీ కదలకుండా దాని మీద మా అగ్గిపెట్టె పెట్టింది.

మేడమ్ పోయినా సదస్సు ఆగలేదు. నన్ను రమ్మని ముందే మాట తీసుకుంది కాబట్టి పోయాను. ఫోటోకు దండ వేశారు. కాసేపు మౌనంగా నిలబడ్డారు. ఆ తర్వాత పెద్దమనుషులు ఒకరి వెనక ఒకరు ఆమె గొప్పతనం గురించి మాట్లాడారు, మాట్లాడారు. ఆమె పేర్చిన వేళలన్నీ ఆమెను పొగడటంలోనే కొట్టుకుపోయాయి.

ఆ సూర్యాపేట పిల్ల నా పక్కనే కూర్చుంది. చున్నీ రొమ్ముకు అదుముకుంటోంది.

"పాలు చేపుకొస్తున్నయా బిడ్డా?"

"పొద్దటి సంది వాడు తాగలే పెద్దమ్మా. అత్తమ్మ ఒకటే ఫోన్లు."

తలుపు దగ్గరున్న కమిటీ సారు దగ్గరికి పోయాను. "సారూ, గీ పిల్లను జర ముందు పిలువుండ్రి. అన్నం లోపలనే అని మేడమ్ చెప్పింది."

"అందరూ మేడమ్ గురించే మాట్లాడుతున్నరు గదమ్మా, మధ్యల ఎట్ల ఆపుతం? ఆమెకు మర్యాదేనా?"

తిరిగొచ్చి ఆ పిల్ల పక్కనే కూర్చున్నాను. మేడమ్ ఉంటే ఆయనకు జవాబు చెప్పేది.

భోజనాలకు లేచే వేళకు కూడా ఆ పిల్ల వంతు రాలేదు. "ఇగ పోతా పెద్దమ్మా" అని సంచి తీసుకుంది. చున్నీ తడిసిపోయింది. సూర్యాపేట బస్సు అందుకునేందుకు ఎల్బీ నగర్‌కు ఆటో ఎక్కించి నేను మళ్లీ వచ్చి కూర్చున్నాను. ఎందుకు కూర్చున్నానో తెలియదు.

సగం కుర్చీలు ఖాళీ అయ్యాక ఆ పిల్ల పేరు పిలిచారు. మళ్లీ పిలిచారు. "రాలేదా? గైర్హాజరు అని రాసుకోండి" అన్నారు. వచ్చింది, భోజనాల దాకా ఇక్కడే ఉంది అని చెప్పాలనుకున్నాను. నేను కుర్చీలోంచి లేచేసరికే రాసేసుకున్నారు.

ఆ పిల్ల చూపించాలనుకున్న బొమ్మ అప్పటికే తెర మీదికి వచ్చింది. ఏదో ఊళ్లో చేతిబోరింగు. దాని ముందు వంకరపోయిన కాళ్లతో ఒక ముసలాయన దోసిలి పట్టి వంగి ఉన్నాడు. ఆ ఫ్లోరైడు నీళ్లకు ఆ పిల్ల ఏం మందు కనిపెట్టిందో నాకు తెలియదు. హాల్లో దీపాలు తగ్గించి ఉన్నాయి, ఆ బొమ్మ వెలుగే ఖాళీ కుర్చీల మీద పడుతోంది. తర్వాతి మనిషి తన కాగితాలు సర్దుకుని స్టేజీ ఎక్కేదాకా ఆ ముసలాయన దోసిలి అలాగే పట్టుకుని ఉన్నాడు.