అమ్మ అంటుకట్టు కట్టిన పెట్రోలు గొట్టం

మా నర్సరీలో అంటుకత్తులు దాచే రేకు డబ్బా అడుగున జానెడు నల్ల రబ్బరు గొట్టం ముక్క ఒకటుంది. దాని నడుమ, పగులు మీద, మామిడి అంట్లకు చుట్టే ప్లాస్టిక్ పట్టీ ఏడెనిమిది చుట్లు చుట్టి ముడి వేసి ఉంటుంది. మొన్న కత్తి కోసం వెతుకుతుంటే అది చేతికి తగిలింది. ముక్కు దగ్గర పెట్టుకుని చూశాను. ఒకప్పుడు గుప్పుమని పెట్రోలు వాసన కొట్టేది, ఇప్పుడు ఏమీ రావడం లేదు.

నా చిన్నప్పుడు కడియంలో తొలకరి అంటే అంట్ల కాలం. తడిసిన ఒండ్రుమట్టి, మాగిన పశువుల ఎరువు, పాకలో గోనెపట్టాల మీద వరసగా కూర్చుని మామిడి మొక్కలకు కొమ్మలు అతికే ఆడవాళ్లు, మధ్యాహ్నం వాళ్లు విప్పే క్యారేజీల్లోంచి వచ్చే చింతచిగురు, ఎండురొయ్యల ఘుమఘుమలు, సంచుల గుట్టల వెనక మా దాగుడుమూతలు, అన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి ఉండేవి. ఆ ఆడవాళ్లందరిలోకీ చెయ్యి తిరిగిన మనిషి మా అమ్మ. అమ్మ కట్టిన అంటు ఎండిపోయిందని ఎవరూ అనగా నేను వినలేదు. ఆ సంగతి అమ్మకీ తెలుసు, కాస్త గర్వమూ ఉండేది.

మొక్కలు తిప్పడానికి నాన్న కొన్న పాత పెట్రోలు వ్యానుకు ఇంజను ముందు సీటు కిందే ఉండేది. డ్రైవరు పక్క సీటు నాది. రోజూ దాని మీదే బడికి వెళ్లేదాన్ని. ఎండల్లో కాలిపోయేది గాని వానల్లో వెచ్చగా హాయిగా ఉండేది. ఒక తొలకరిలో నా సీటు కింద నుంచి పెట్రోలు వాసన మొదలైంది. ఎత్తి చూస్తే, ఇంజనుకు పెట్రోలు తెచ్చే గొట్టం పగిలి చుక్కలు కారుతున్నాయి. మెకానిక్ సత్తిబాబు గారు పెళ్లికని ఊరెళ్లారు, మర్నాటికి గాని రారు. అమ్మ పాకలోంచి పట్టీ తెచ్చి, అంటుకు చుట్టినట్టే కింద నుంచి పైకి చుట్టి బిగించింది. చుక్క ఆగింది. ఆ చేతిని శంకించే అలవాటు మా ఇంట్లో ఎవరికీ లేదు.

మర్నాడు పొద్దున పుస్తకాల సంచీ ఒళ్లో పెట్టుకుని నా సీట్లో కూర్చున్నాను. నాన్న తాళం పెట్టాడు. అన్నం క్యారేజీ అందించడానికి వచ్చిన అమ్మ వాసన తగిలి తలుపు దగ్గరే ఆగిపోయింది.

“ఏవండీ, తాళం తిప్పకండి,” అంది. నన్ను రెక్క పట్టుకుని కిందికి లాగేసి సీటెత్తింది. కట్టు కట్టినట్టే ఉంది. దాని లోపలే పగులు సాగి, పట్టీ అంచుల్లోంచి ఊరిన పెట్రోలు ఇంజను మీద మడుగు కట్టి ఉంది. అమ్మ తన చేతుల్ని శంకగా చూసుకోవడం నేను చూసింది ఆ ఒక్కసారే. నాకూ భయం వేసింది, పెట్రోలును చూసి కాదు, ఆ చూపును చూసి.

మధ్యాహ్నం సత్తిబాబు గారు వచ్చి, బండిని చేత్తో తోయించి పాకకు దూరంగా ఆరుబయట నిలిపారు. బీడీలు కాల్చేవాళ్లను అవతలికి పంపి, బ్యాటరీ తీగ ఊడదీసి, గొట్టంలో మిగిలిన పెట్రోలును డబ్బాలోకి పట్టి, అప్పుడు గాని పనిముట్టు ముట్టలేదు. పగిలినచోట అతుకు వేస్తారనుకున్నాం. ఆయన ఈ కొస నుంచి ఆ కొస దాకా గొట్టమంతా పీకేసి, పెట్రోలుకు తగిన కొత్తది వేసి, రెండు వైపులా క్లిప్పులు బిగించారు. ఒలికింది తుడిచి, ఆ గుడ్డలు దూరంగా ఆరేసి, తలుపులన్నీ తెరిచి వాసన పోయేదాకా ఊరికే కూర్చున్నారు. ఆ తర్వాతే తీగ తగిలించి, ఇంజను ఆడించి, టార్చిలైటుతో కొసలు రెండూ చూశారు.

“మీ కట్టు ఊడలేదండి అక్కగారూ,” అన్నారు అమ్మతో. “మొక్కయితే లోపల్లోపల అదే అతుక్కుంటదండి. రబ్బరుకి ప్రాణం ఉండదు కదండీ.”

అమ్మ ఆ ముక్క అడిగి తీసుకుని, పాకలో తాను కూర్చునే చోట గుంజకు వేలాడదీసింది. ఎవరైనా తన చెయ్యి మంచిదంటే ఒకసారి దానివైపు చూసేది. ఆ రోజు నుంచీ అమ్మ సీటెత్తి, వాసన చూసి, “ఊఁ, వెళ్లండి” అంటే తప్ప మా వ్యాను కదిలేది కాదు.

ఇప్పుడు ఆ పాక లేదు, వ్యాను ఏనాడో తుక్కులోకి పోయింది, అమ్మ పోయి నాలుగేళ్లు. మొక్కలు మోసేది బ్యాటరీ ఆటో, అందులో కారడానికి పెట్రోలే లేదు. ఈ పొద్దున దాని సీటు మీదికి వంగితే కొత్త డ్రైవరు వింతగా చూశాడు.

“ఏంటండీ, ఏం చూస్తున్నారు?”

“ఊఁ, వెళ్లు,” అన్నాను.